నేల మీది వెలుగు, కంటి ముందు వెలుగు: కెనడా ఆసుపత్రుల నడవలు, మెట్లదారులు

కెనడా జాతీయ భవన నియమావళి ప్రకారం జనం నడిచే నడవల్లోనూ, భవనం నుంచి బయటపడే మెట్లదారుల్లోనూ నేల మీద సగటున కనీసం 50 లక్సుల వెలుగు ఉండాలి. కరెంటు పోయినప్పుడు వెలిగే అత్యవసర దీపాలు నేల మీద, మెట్ల మీద సగటున 10 లక్సులైనా ఇవ్వాలి. ఆసుపత్రుల్లో ఆ దీపాలు కనీసం గంటసేపు, ఎత్తైన భవనాల్లో రెండు గంటలసేపు వెలగాలి. లక్స్ అంటే ఒక చదరపు మీటరు మీద పడే ఒక ల్యూమెన్ కాంతి. మబ్బు పట్టిన పగటిపూట ఆరుబయట 10,000 లక్సుల దాకా ఉంటుంది. నిండు పున్నమి రాత్రి పావు లక్స్ ఉంటే గొప్ప. ఈ రెంటి నడుమ 50 అనే అంకె ఎక్కడ నిలుస్తుందో పాఠకులు ఊహించుకోవచ్చు.

ఈ అంకెల ఉద్దేశం స్పష్టంగానే ఉంది. పొగ కమ్మినా, కరెంటు పోయినా మనిషి దారి తప్పకుండా, తడబడి పడకుండా బయటపడాలి. 2003 ఆగస్టు 14న ఆంటారియోలోనూ, అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోనూ దాదాపు 5 కోట్ల మంది చీకట్లో చిక్కుకున్న రోజున అటువంటి నియమాల విలువ అందరికీ తెలిసివచ్చింది. కనుక ఈ వ్యాసంలో నేను తప్పుపట్టేది ఆ అంకెలను కాదు, వాటిని కొలిచే చోటును. నియమావళి నేలను చూస్తుంది. ఆసుపత్రిలో ఉన్న మనిషి నేలను చూడడు.

నడవలో వెలుగు ఎంతుందో తేల్చడానికి తనిఖీ చేసేవారు మీటరును నేల మీద, ముఖం పైకి తిప్పి పెడతారు. అదే నడవలో స్ట్రెచర్ మీద పడుకున్న రోగి ముఖం కూడా పైకే ఉంటుంది. ఇద్దరూ చూసేది ఒకే దీపాన్ని. అది ఎంత ప్రకాశిస్తే మీటరుకు అంత మంచిది, రోగికి అంత బాధ. పైకప్పులో ఎనిమిది అడుగులకొకటిగా పొదిగిన పలకదీపాల కింద, మామూలు నడక వేగంతో స్ట్రెచర్ను తోసుకుపోతే, ప్రతి రెండు సెకన్లకూ ఒక మెరుపు కళ్ళలో పడి ఆరిపోతుంది. ఇరవై ఏళ్ళకు పైగా ఆ దీపాల కింద నడిచినా నాకు ఈ సంగతి తెలియలేదు. కొన్నేళ్ళ క్రితం ఒక చిన్న శస్త్రచికిత్స కోసం వెల్లకిలా పడుకుని అదే దారిలో వెళ్ళినప్పుడు తెలిసింది. ఆపరేషన్ గది చేరేలోపు నేను చేసిన పనల్లా కళ్ళు మూసుకోవడమే. వైద్యుణ్ణి కనుక ఎటు వెళుతున్నానో నాకు తెలుసు. తెలియనివాళ్ళు కళ్ళు మూసుకోరు.

దారి వార్డుగా మారిన చోట

నడవ కేవలం దారే అయితే ఈ ఇబ్బంది రెండు నిమిషాల్లో తీరిపోయేది. కానీ కెనడాలో నడవ ఇప్పుడు దారి మాత్రమే కాదు. ఆంటారియో ప్రభుత్వం నియమించిన సలహా మండలి 2019 జనవరిలో ఇచ్చిన తొలి నివేదిక, 2018లో సగటున రోజుకు కనీసం వెయ్యి మంది రోగులు ఆసుపత్రి నడవల్లో వైద్యం పొందారని చెప్పింది. ఆ దుస్థితికి అప్పటికే 'హాల్‌వే మెడిసిన్' అన్న పేరు స్థిరపడిపోయింది. దాని గురించి శాసనసభల్లో, పత్రికల్లో జరిగిన చర్చంతా పడకల కొరత మీద, నర్సుల కొరత మీద, వృద్ధాశ్రమాల్లో ఖాళీలు లేకపోవడం మీద నడిచింది. అది సబబే. అయితే ఆ వెయ్యి మంది తలల మీద రాత్రంతా వెలిగే దీపాల గురించి మాట్లాడినవారు తక్కువ.

వార్డులో రోగి తల దగ్గర ఒక స్విచ్ ఉంటుంది. నడవలో ఉండదు. అవి దారి చూపడానికి పెట్టిన దీపాలు. పడుకున్నవాడు చేయి చాచి ఆర్పుకోవడానికి పెట్టినవి కావు. నియమం ప్రకారం అక్కడ వెలుగు ఉండితీరాలి. అంటే నియమావళి దృష్టిలో దారి అయినదీ, రోగి అనుభవంలో పడకగది అయినదీ ఒకే చోటు. ఒకదానికి రక్షణ అయినది రెండోదానికి శిక్ష.

పడుకున్న మనిషి కోసం ఆలోచించినవాడు

ఈ తేడాను భవన నిర్మాణంలో స్పష్టంగా గుర్తించినవాడు ఫిన్లాండ్ వాస్తుశిల్పి ఆల్వార్ ఆల్టో. 1933లో పూర్తయిన పైమియో క్షయ చికిత్సాలయం ఆయన కట్టినదే. మామూలు గదిని నిలబడిన మనిషి కోసం కడతాం, రోగి గదిని పడుకున్న మనిషి కోసం కట్టాలి అన్నది ఆయన సూత్రం. ఆ సూత్రాన్ని అనుసరించి రోగుల గదుల పైకప్పుకు గోడలకన్నా ముదురైన, శాంతమైన ఆకుపచ్చ రంగు వేయించాడు. దీపాన్ని పడుకున్నవాడి చూపుకు ఎదురుగా లేని చోట అమర్చాడు. మెట్లదారికి పెద్ద కిటికీలు పెట్టి, మెట్లకు పసుపురంగు పరిచాడు. మబ్బులు ముసిరే ఆ దేశపు చలికాలంలో ఆ పసుపు ఎండను తలపిస్తుంది.

ఇందులో ఖర్చుతో కూడిన సాంకేతికత ఏదీ లేదు. దీపాన్ని రెండడుగులు పక్కకు జరపడం, రంగు మార్చడం, మెట్లను బయటిగోడ పక్కన కట్టడం. తొంభై ఏళ్ళ కిందటే తెలిసిన ఈ సంగతులు కెనడా ఆసుపత్రులకు ఎందుకు అలవడలేదన్నది అసలు ప్రశ్న.

ఒక వాస్తుశిల్పి, మూడు ఆసుపత్రులు

దీనికి జవాబు వెతకడానికి ఒకే వాస్తుశిల్పి కట్టిన మూడు భవనాలను వరుసగా చూడటం మేలు. ఎబర్‌హార్డ్ జైడ్లర్ (1926–2022) జర్మనీలో పుట్టి 1951లో కెనడాకు వచ్చాడు. హామిల్టన్‌లో 1972లో తెరిచిన మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ ఆరోగ్యశాస్త్ర కేంద్రం ఆయనకు అంతర్జాతీయ ఖ్యాతి తెచ్చింది. వైద్యం త్వరత్వరగా మారిపోతుంది, భవనం కూడా దానితోపాటు మారగలగాలి అన్నది దాని వెనకున్న ఆలోచన. ప్రతి రెండు అంతస్తుల నడుమ పైపులకూ, గాలిగొట్టాలకూ, తీగలకూ మనిషి నిలబడి పనిచేయగలిగేంత ఎత్తున్న అంతస్తును వేరుగా ఇచ్చాడు. పైన రోగులకు అంతరాయం లేకుండా కింద మరమ్మతు చేసుకోవచ్చు. ఒక విభాగాన్ని ఎత్తేసి మరొకదాన్ని పెట్టుకోవచ్చు. ఇంజనీరింగ్ దృష్టితో చూస్తే ఈనాటికీ మెచ్చుకోదగిన పని.

కానీ ఆ సౌలభ్యానికి మూల్యం ఉంది. అంత విశాలంగా పరుచుకున్న భవనంలో లోపలి నడవలకు పగటి వెలుగు చేరదు. ఏ మలుపు దగ్గర నిలుచున్నా అదే దీపం, అదే గోడ, అదే వేళ. అక్కడ దారి తప్పకుండా విభాగాలకు ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ వంటి రంగుల పేర్లు పెట్టారు. ఉపాయం మంచిదే. అయితే రంగు గుర్తుపట్టడం దీపం గుణం మీద, చూసేవారి కంటి మీద ఆధారపడుతుంది. శుక్లం ముదిరిన కంటికి నీలానికీ ఆకుపచ్చకూ తేడా తగ్గిపోతుంది. కిటికీ అయితే ఆ కంటికి కూడా దిక్కు చెబుతుంది.

జైడ్లర్ ఈ లోపాన్ని గమనించాడనే అనుకోవాలి. 1977లో టొరాంటోలో గాజు పైకప్పు కింద ఈటన్ సెంటర్ అనే బజారును కట్టిన తర్వాత, ఆ గాజు కప్పును ఆసుపత్రికి తెచ్చాడు. 1980లలో ఎడ్మంటన్‌లో దశలవారీగా తెరిచిన వాల్టర్ మెకెంజీ ఆరోగ్యశాస్త్ర కేంద్రం నడుమ ఎండ పడే పెద్ద ప్రాంగణాలున్నాయి. నడి శీతకాలంలో పగలు ఏడున్నర గంటలకు కుంచించుకుపోయే ఊళ్ళో అది చిన్న మేలు కాదు. 1993లో టొరాంటో పిల్లల ఆసుపత్రికి కట్టిన కొత్త విభాగంలోనూ అదే పద్ధతి. లోపలివైపు గదుల్లో ఉన్న పిల్లలు కిందనున్న ప్రాంగణాన్ని చూడగలరు.

1972 నుంచి 1993 దాకా ఇది నిజమైన ఎదుగుదలే. కానీ వెలుగు ఎక్కడిదాకా వచ్చి ఆగిందో కూడా చూడాలి. ప్రాంగణంలో సందర్శకులు కాఫీ తాగుతారు. దాతల పేర్లు చెక్కిన పలకలుంటాయి. ప్రారంభోత్సవపు ఫొటోలు అక్కడే తీస్తారు. స్ట్రెచర్ మాత్రం అక్కడినుంచి పోదు. సందర్శకుల దారినీ, రోగులను, సామానును తరలించే దారినీ విడదీయడం ఆధునిక ఆసుపత్రుల ప్రణాళికలో ఒక ప్రధాన సూత్రం. రోగి మర్యాద కాపాడటానికి, అంటురోగాలు అరికట్టడానికి అది అవసరం. ఫలితం మాత్రం విచిత్రం: భవనంలోని మేలైన వెలుగు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ దారికి దక్కింది, రోగి దారి లిఫ్టుల వెనక, కిటికీ లేని చోట మిగిలిపోయింది.

ఈ ధోరణికి ఎదురు నిలిచేది ఆంటారియో వాయవ్యాన థండర్ బేలో 2004లో తెరిచిన ప్రాంతీయ ఆసుపత్రి. కలప దూలాలతో, గాజుతో కట్టిన దాని ముఖ్యమైన నడవ మూడంతస్తుల ఎత్తున, సూర్యుడు నడిచే వంపును అనుసరించి వంగి ఉంటుంది. అంతకన్నా విశేషం, క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చే గదుల్లోకి కూడా పగటి వెలుగు వచ్చే ఏర్పాటు చేశారు. మందపాటి కాంక్రీటు గోడల మధ్య, నేలమాళిగలో కట్టడమే ఆనవాయితీ అయిన గది అది. అక్కడికే వెలుగు తీసుకురాగలిగినప్పుడు, నడవకు తీసుకురావడం సాధ్యం కాదని చెప్పే సాకు మిగలదు.

ఒకే భవనంలో ఎండగది, నీడగది

వెలుగు అంటే కేవలం హాయి, అందం కాదని చెప్పడానికి ఆధారాలున్నాయి. విచిత్రమేమంటే వాటిలో రెండు ఆ గాజు ప్రాంగణాల మెకెంజీ కేంద్రంలోనే పుట్టాయి. కాథ్లీన్ బోషెమిన్, పీటర్ హేస్ అనే పరిశోధకులు తీవ్రమైన మానసిక కుంగుబాటుతో అక్కడ చేరిన 174 మంది వివరాలను పరిశీలించి 1996లో ప్రచురించారు. ఎండ పడే గదుల్లో ఉన్నవారు సగటున 16.9 రోజులకు ఇంటికి వెళితే, ఎండ పడని గదుల్లో ఉన్నవారికి 19.5 రోజులు పట్టింది. 1998లో వారే గుండెపోటు రోగుల లెక్కలు వెలువరించారు. ఎండ లేని గదుల్లో 335 మందిలో 39 మంది, ఎండ ఉన్న గదుల్లో 293 మందిలో 21 మంది మరణించారు. అంతకుముందు 1984లో రోజర్ ఉల్రిచ్ పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం తీయించుకున్న 46 మందిని జతలుగా పోల్చి, కిటికీలోంచి చెట్లు కనిపించినవారు ఇటుకగోడ కనిపించినవారికన్నా ముందుగా కోలుకున్నారని చూపించాడు.

1972లో, అంటే మెక్‌మాస్టర్ కేంద్రం తెరిచిన ఏడే, ఎల్. ఎం. విల్సన్ రెండు ఇంటెన్సివ్ కేర్ విభాగాలను పోల్చాడు. ఒకదానికి కిటికీలున్నాయి, రెండోదానికి లేవు. శస్త్రచికిత్స తర్వాత హఠాత్తుగా మతి తప్పి, వేళా చోటూ తెలియని స్థితిని డెలిరియం అంటాం. అది కిటికీలున్నచోట 18 శాతం మందికి వస్తే, లేనిచోట 40 శాతం మందికి వచ్చింది.

వైద్యుడిగా ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. ఇవి రోగులను చీటీలు వేసి విడదీసి చేసిన పరీక్షలు కావు. ఏ గది ఎవరికి దక్కింది అన్నదాంట్లో మనకు కనపడని కారణాలుండవచ్చు. పైగా వెలుగును యంత్రంతో సృష్టించి ఇస్తే అదే ఫలితం వస్తుందన్న హామీ కూడా లేదు. నెదర్లాండ్స్‌లో ఇంటెన్సివ్ కేర్ రోగులకు పగలంతా రంగూ తీవ్రతా మారే దీపాలు అమర్చి, పద్ధతిగా చేసిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. 700 మందికి పైగా పాల్గొన్న ఆ పరీక్షలో డెలిరియం తగ్గలేదు. 'జీవగడియారాన్ని సరిచేసే దీపాలు' అంటూ ఆసుపత్రులకు ఖరీదైన సామగ్రి అమ్మేవారి మాటలను ఈ ఫలితం పక్కన పెట్టుకుని వినాలి. నేను అడుగుతున్నది మాయదీపాలు కాదు. పగలు పగలుగా, రాత్రి రాత్రిగా తెలిసే నడవలు.

తెల్లారిందా?

కన్ను చూడటానికి మాత్రమే కాదు, వేళ తెలుసుకోవడానికి కూడా అని ఈ శతాబ్దపు తొలి ఏళ్ళలో రుజువైంది. రెటీనాలో మెలనాప్సిన్ అనే వర్ణకం ఉన్న కొన్ని కణాలు ఆకారాలను కాక, వెలుగు మొత్తాన్ని కొలిచి మెదడులోని గడియారానికి చేరవేస్తాయని 2002లో వెల్లడైంది. ముఖ్యంగా 480 నానోమీటర్ల దగ్గరి నీలికాంతికి అవి స్పందిస్తాయి. 2022లో ఈ రంగపు నిపుణులు కలిసి కొన్ని హద్దులు సూచించారు. ఆ కణాల లెక్కలో కొలిస్తే, పగలు కంటి దగ్గర కనీసం 250 లక్సులు ఉండాలి. నిద్రకు ముందు మూడు గంటలు 10కి మించకూడదు. నిద్రవేళ ఒక లక్స్ దాటకూడదు. గమనించాల్సిన మాట: కంటి దగ్గర, నేల మీద కాదు.

ఈ అంకెలను 50 లక్సుల నడవ పక్కన పెడితే లోపం బయటపడుతుంది. అటువంటి నడవ పగటికి చాలా చీకటి, రాత్రికి చాలా వెలుగు. సాధారణ తెల్లని ఎల్‌ఈడీలతో పగటి హద్దును అందుకోవాలంటే కంటి దగ్గర సుమారు 400 లక్సులు కావాలి. అన్ని దీపాలు పెడితే కళ్ళు చెదురుతాయి, కరెంటు ఖర్చు పెరుగుతుంది. ఒక కిటికీ ఆ పనిని ఖర్చు లేకుండా చేస్తుంది. డిసెంబరులో ఎడ్మంటన్‌లో ఉదయం ఏడింటికి పనిలోకి వచ్చి రాత్రి ఏడింటికి వెళ్ళే నర్సుకు ఆ కిటికీ తప్ప వేరే సూర్యోదయం లేదు.

రాత్రిపూట ఇదే తిరగబడుతుంది. ఒకసారి తెల్లవారుజామున మూడు గంటలకు నన్ను అనువాదం కోసం పిలిచారు. నడవలో మంచం మీద ఒక తెలుగు పెద్దావిడ. కొడుకు దగ్గరకు వచ్చి, జారిపడి, తుంటి ఎముక విరిగి చేరారు. పగలంతా ఇంగ్లీషులో అడిగినదానికి ఏదో ఒకటి చెప్పగలిగారట; ఇప్పుడు ఒక్క తెలుగే మిగిలింది. నర్సు కాగితంలో 'అయోమయంగా ఉన్నారు, అరుస్తున్నారు' అని రాసి ఉంది. నేను దగ్గరకు వెళ్ళగానే ఆవిడ, "తెల్లారిందా బాబూ? మావాడు ఇంకా రాలేదేం?" అన్నారు. తల మీద దీపం పగటిలాగే వెలుగుతోంది. ఆ ప్రశ్నలో అయోమయం ఎంత ఉందో, ఆ దీపాన్ని చూస్తే ఎవరికైనా కలిగే సందేహం ఎంత ఉందో నేను విడదీసి చెప్పలేకపోయాను. "లేదమ్మా, ఇంకా రాత్రే" అన్నాను. ఆవిడ పైకి చూసి నమ్మలేదు.

రాత్రి పనిచేసే నర్సుకు వెలుగు అక్కర్లేదని దీని అర్థం కాదు. మందు పేరు చదవాలి, చర్మం రంగు చూడాలి. రక్తంలో ఆక్సిజన్ తగ్గినప్పుడు వచ్చే నీలిమ గోధుమ, నలుపు వన్నెల చర్మం మీద తేలిగ్గా కనపడదు. పెదవుల్లో, నాలుక మీద, గోళ్ళలో వెతకాలి. చవక దీపాల కింద అది ఇంకా దాగిపోతుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రమాణాలు ఈ నీలిమ ఎంత బాగా కనపడుతుందో కొలిచే సూచికను ఒకదాన్ని పెట్టుకుని, వైద్యానికి వాడే దీపాలకు హద్దు విధించాయి. నర్సుకు కావలసింది నడవంతా పగలు చేసే వెలుగు కాదు; తాను చూసే చోట, చూసేంతసేపు, రంగు మార్చని వెలుగు. మిగతా దారికి మోకాలి ఎత్తున గోడలో అమర్చిన, నేలనే చూసే చిన్న దీపాలు చాలు. నియమావళి కోరే వెలుగు నేలకు దక్కుతుంది, పడుకున్న కంటికి తగలదు.

మెట్లదారి: ఎవరికీ చెందని చోటు

నడవకు కనీసం ఫిర్యాదు చేసేవారుంటారు. మెట్లదారికి ఎవరూ లేరు. మంటలు వ్యాపించకుండా మూసిన కాంక్రీటు గొట్టం అది. బూడిదరంగు గోడ, బూడిదరంగు మెట్టు, మలుపులో ఒక దీపం. కిందికి దిగేవాడి వెనక దీపం ఉంటే అతని నీడే అతని ముందరి మెట్టు మీద పడుతుంది. నేల మీద సగటు సరిగానే వస్తుంది; పాదం మోపే అంచు మాత్రం కనపడదు.

వయసు ఈ ఇబ్బందిని పెంచుతుంది. అరవై ఏళ్ళ మనిషి రెటీనాకు చేరే వెలుగు ఇరవై ఏళ్ళ మనిషికి చేరేదాంట్లో దాదాపు మూడోవంతు. కంటిపాప చిన్నదవుతుంది, కటకం పసుపుబారుతుంది. వెలుగులోంచి చీకట్లోకి వచ్చినప్పుడు కన్ను సర్దుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది. పైగా నా వయసు వాళ్ళలో చాలామంది పెట్టుకునే కళ్ళజోడు కింది సగం పుస్తకం చదవడానికి చేసింది. మెట్టు అంచు సరిగ్గా ఆ సగంలోంచి, మసకగా కనిపిస్తుంది. అటువంటి కళ్ళజోళ్ళు అంచులను, లోతును గుర్తించే శక్తిని తగ్గించి, పడిపోయే ప్రమాదాన్ని పెంచుతాయని ఆస్ట్రేలియాలో స్టీఫెన్ లార్డ్ బృందం 2002లో చూపించింది.

కెనడా జాతీయ పరిశోధనా మండలిలో పనిచేసిన గీలెన్ ప్రూ బృందం 1990ల చివర ఒట్టావాలో 13 అంతస్తుల కార్యాలయ భవనంలో చేసిన పరీక్ష ఇక్కడ పాఠం లాంటిది. కిటికీలు లేని ఒక మెట్లదారిలో దీపాలు ఆపేసి, వెలుగును పీల్చుకుని చీకట్లో తమంత తాము మెరిసే పట్టీలను మాత్రం అంటించి, ఉద్యోగులను ఖాళీ చేయించారు. జనం దిగగలిగారు. మనిషికి మెట్టు మీద కావలసింది ఎక్కువ వెలుగు కాదు, అంచుకూ మెట్టుకూ తేడా అని దీనివల్ల తెలుస్తోంది. ప్రతి మెట్టు అంచునా ముదురురంగు పట్టీ, చేతికమ్మీ కింద వరుసగా చిన్న దీపాలు, మలుపులో కళ్ళు చెదరని వెలుగు: ఇంతకన్నా పెద్ద రహస్యం లేదు.

ఈమధ్య కరెంటు పొదుపు కోసం మెట్లదారుల్లో మనిషి కదలికను పసిగట్టి వెలిగే దీపాలు పెడుతున్నారు. పొదుపు మంచిదే. కానీ నాకు తెలిసిన ఒకచోట తలుపు తెరిచిన తర్వాత దీపం పూర్తిగా వెలగడానికి ముందే రెండు మెట్లు దిగిపోతాం. మెట్ల మీద మనిషి తడబడేది ఎక్కువగా మొదటి అడుగుల్లోనే. గుండె ఆగిన రోగి కోసం పరిగెత్తే బృందం ఆ దీపం కోసం ఆగదు.

గోడల మీద మాత్రం 'లిఫ్టు వద్దు, మెట్లెక్కండి' అని రాసిపెడతారు. కెనడా వైద్య సంఘ పత్రిక 2011 చివర ప్రచురించిన ఒక చిన్న అధ్యయనం, సస్కచ్వాన్ ఆసుపత్రిలో మెట్లెక్కే వైద్యులు లిఫ్టు కోసం నిలబడేవారికన్నా రోజుకు పావుగంట మిగుల్చుకుంటారని లెక్కగట్టింది. ఆరోగ్యం, సమయం రెండూ కలిసొచ్చినా జనం మెట్లెక్కకపోతే దోషం బద్ధకానిదేనా? బయటిగోడ పక్కన కట్టి, ఒక కిటికీ పెట్టిన మెట్లదారిని నేను ఎక్కడ చూసినా, అక్కడ మనుషులు కనిపించారు.

మన వసారా

తెలుగునాట పాత ప్రభుత్వ ఆసుపత్రుల్లో చదువుకున్నవారికి ఈ చర్చ కొత్తగా, పాతగా రెండు రకాలుగానూ తోచవచ్చు. అక్కడ నడవ అంటే వసారాయే. ఒకపక్క వార్డు, ఇంకోపక్క ఆరుబయలు. హైదరాబాదులో విన్సెంట్ ఎష్ రూపకల్పనలో 1925 నాటికి పూర్తయిన ఉస్మానియా ఆసుపత్రి అయినా, ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ళలో కట్టిన జిల్లా ఆసుపత్రులైనా గాలీ వెలుగూ అడ్డంగా ప్రసరించాలన్న ఆలోచనతోనే లేచాయి. లిఫ్టు లేని చోట ర్యాంపు ఉండేది; స్ట్రెచర్ మీద వెళ్ళేవాడికి జాలీలోంచి ఆకాశం కనిపించేది. గాలి, వెలుతురు రోగికి మందులాంటివని 1859లో నొక్కిచెప్పిన ఫ్లోరెన్స్ నైటింగేల్ ప్రభావం ఆ కాలపు ఆసుపత్రుల మీద విస్తృతంగా ఉంది.

ఆ భవనాలను ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. ఆ వసారాల్లోనే చాపల మీద రోగులు పడుకునేవారు; నడవ వార్డు కావడం కెనడా కనిపెట్టినది కాదు. కురిసిన ఉస్మానియా కప్పులు, 2020 వానలకు నీళ్ళు నిండిన వార్డులు, ఆ తర్వాత పాత భవనాన్ని ఖాళీ చేయాల్సి రావడం మరిచిపోలేం. మైనస్ 30 డిగ్రీల ఎడ్మంటన్‌లో వసారా కట్టమని ఎవరూ అనరు. కానీ వసారాలో పడుకున్న మనిషికి తెల్లారిందో లేదో ఎవరినీ అడగాల్సిన పని లేదు. ఆ ఒక్క సంగతినీ చలిదేశానికి గాజుతో తీసుకురావచ్చు. హైదరాబాదులో, విశాఖపట్నంలో ఇప్పుడు లేస్తున్న కార్పొరేట్ ఆసుపత్రులు వసారాను వదిలేసి, 1972 నాటి కిటికీ లేని నడవను ఏసీ చల్లదనంతో సహా తెచ్చుకోవడం మాత్రం విచారకరం. పగలు పదకొండు గంటలకు తగ్గని ఊళ్ళో పగటిని బయట నిలబెట్టి దీపాలు పెట్టుకుంటున్నారు.

ఇప్పుడే ఎందుకు

ఈ చర్చకు ఇప్పుడు తొందర ఉంది. పాదరసం ఉన్న ఫ్లోరసెంట్ దీపాలను కెనడా దశలవారీగా తొలగిస్తోంది. అంటే ఈ దశాబ్దంలో దేశంలోని పాత ఆసుపత్రుల నడవలన్నింటిలోనూ దీపాలు మారాల్సిందే. పాత గొట్టం తీసి, అదే చట్రంలో ఎల్‌ఈడీ గొట్టం బిగించడం అన్నింటికన్నా చవక మార్గం. కరెంటు ఆదా అవుతుంది, నేల మీద అంకె సరిపోతుంది, బిల్లు పాసవుతుంది. దానితో యాభై ఏళ్ళ కిందటి పొరపాటు మరో ఇరవై ఏళ్ళు స్థిరపడుతుంది. మరోపక్క ఒట్టావాలో, మిస్సిసాగాలో, వాంకూవర్‌లో కొత్త ఆసుపత్రి భవనాలు లేస్తున్నాయి. కాంక్రీటు పోసిన తర్వాత మెట్లదారిని బయటిగోడకు జరపలేం.

ఆసుపత్రుల దీపాలకు ప్రత్యేకంగా సీఎస్‌ఏ జెడ్317.5 అనే కెనడా ప్రమాణం ఉంది. అమెరికాలోని దీపాల ఇంజనీర్ల సంఘం ప్రచురించే ఆర్‌పీ-29 నడవలకు పగటి స్థాయినీ రాత్రి స్థాయినీ వేరువేరుగా సూచిస్తుంది. జ్ఞానం లేక కాదు. కాగితం మీది సూచన, తనిఖీలో అడిగే అంకెగా మారకపోవడమే లోపం. నేల మీది 50 లక్సులతో పాటు మరి మూడు కొలతలు తనిఖీ పత్రంలో చేరాలని నా ప్రతిపాదన: స్ట్రెచర్ ఎత్తున, పైకి చూసే కంటికి దీపం ఎంత మిరుమిట్లు గొలుపుతుంది, పగలు నిలబడిన కంటికీ, రాత్రి పడుకున్న కంటికీ ఎంత వెలుగు అందుతుంది, దిగేవాడి కంటికి మెట్టు అంచుకూ మెట్టుకూ తేడా ఎంత కనపడుతుంది. ఈ మూడూ మీటరుతో కొలవదగినవే.

మన తెలుగువాళ్ళలో కెనడా ఆసుపత్రుల్లో పనిచేసేవారు, వాటి కంప్యూటర్లు, బడ్జెట్లు, నిర్మాణ పనులు చూసేవారు చాలామంది ఉన్నారు. రోగుల సలహా సంఘాల్లో కూర్చునేవారూ ఉన్నారు. దీపాలు మార్చే పని ఏ ఆసుపత్రిలో మొదలైనా, టెండరు పిలిచే ముందు ఒక చిన్న కోరిక కోరవచ్చు. నిర్ణయం తీసుకునే అధికారినీ, ఇంజనీరునూ ఒక స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, అత్యవసర విభాగం నుంచి వార్డు దాకా ఒకసారి పగలు, ఒకసారి అర్ధరాత్రి తోసుకువెళ్ళాలి. తర్వాత నలభై నిమిషాలు నడవలో వదిలేయాలి. దానికి టెండరు అక్కర్లేదు.